సర్దార్‌కి దుప్పటి

వంతెన లేపేశారు. ఖిదిర్‌పూర్ డాక్‌లోకి ఓడ వస్తోందంటే అంతే, ఇటు బస్సులు ఇటే, అటు బస్సులు అటే, ఎంత పెద్ద పనున్నవాడైనా నోరు మూసుకుని కూర్చోవాల్సిందే. గ్రేసీ కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో సంచి మీద రెండు చేతులూ వేసి ఉంచింది, ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు. లాక్కుపోతే బాగుండును. దొంగ వెధవ ఎవడైనా పట్టుకుపోయి, తెరిచి చూసి, ఇదేం పనికిమాలిన సరుకని గంగలోకి విసిరేస్తే, తను సెక్టార్ ఫైవ్‌లో ఖాళీ చేతులతో దిగి, మీటింగులో కూర్చుని, అందరితోపాటు చెయ్యెత్తేసి వచ్చేది. సంచిలో ఉన్నది అరచేతిలో ఇమిడే నల్ల పెట్టె. దాని చుట్టూ సిల్వర్ ఫాయిల్, వంటింట్లో రొట్టెలు చుట్టే రకమే. మైథిలి చుట్టింది. నదిలో నానినా, బురదలో కూరుకున్నా ఆ మడత విడిపోలేదు. చుట్టిన పిల్ల పోయింది, మడత ఉంది.

మీటింగు ఈ పెట్టె గురించే. విమానం నడపడం నేర్పే చిన్న బడి అది. ఇద్దరు పట్టే విమానాలు, ఊరి అంచున ఒక రన్‌వే, గ్రేసీ అందులో ఇన్‌స్ట్రక్టరు. వానాకాలం చివర మైథిలి ఒక్కతే దక్షిణానికి ఎగిరి తిరిగి రాలేదు. సుందర్‌బన్ అడవి నీళ్ళలో దొరికింది. ఇప్పుడు మాలిక్, బడి యజమానిని అందరూ అలాగే అంటారు, ఇకమీద ప్రతి విమానానికీ ఏ మిషను కొనాలో ఇవాళ తేల్చేస్తాడట. బల్ల మీద రెండే రకాలు. ఒకటి ట్రాకర్. ఎగిరినంతసేపూ నేనిక్కడున్నానని ఉపగ్రహానికి చెప్పుకుంటూ పోతుంది, ఆఫీసు తెర మీద చుక్కలు పడుతుంటాయి, చుక్కలు ఆగినచోట మనిషిని వెతుక్కోవాలి. కొత్త రకానికి స్విచ్చి ఉండదు, విమానం తీగల్లోనే కలిపేసి యాంటెన్నా నెత్తి మీద బిగిస్తారు, కప్పేద్దామన్నా కుదరదు. రెండోది చొక్కాకి తగిలించుకునే బీకన్. మామూలప్పుడు ఉలకదు పలకదు. పడిపోయినవాడు పిన్ను లాగితే అప్పుడు అరుస్తుంది. ఇవి కాక రూలు ప్రకారం తోకలో ఇంకో పెట్టె ఎలాగూ ఉంటుంది, గుద్దుకోగానే దానంతటదే మోగాలి. మైథిలి విమానంలో తోకే ముందు నీళ్ళలోకి పోయింది. నీళ్ళ కిందనుంచి ఎంత అరిచినా ఆకాశానికి వినబడదు.

అందరూ పిన్నుకే. ఇన్‌స్ట్రక్టర్లు పిన్నుకే, మాలిక్ పిన్నుకే, మైథిలి నాన్న రఘురాం గారు పిన్నుకే. ట్రాకర్ పెట్టాం కదా, ఏం ఉద్ధరించింది, పిల్ల చచ్చేవేళకి ఒక్క చుక్క పెట్టలేదు కదా, అని అందరిదీ ఒకటే మాట. విచారణకొచ్చిన వాళ్ళు కూడా ఆ పెట్టె నదిలో కొట్టుకుపోయిందనే అనుకున్నారు. అది కొట్టుకుపోలేదు. అడవి శాఖ పడవలో వెళ్ళిన గ్రేసీ చేతికి, బడి తరఫు మనిషివి కదా అని, పిల్ల వస్తువులన్నీ తడిసిన మూటగా కట్టి ఇచ్చారు. మూటలో ఇది చేతికి తగిలింది. తగిలినప్పుడే తెలిసింది. పడవలో ఎవరూ చూడకుండా సంచిలో వేసుకుంది, ఇప్పటిదాకా బయటికి తీయలేదు. ట్రాకర్ చెడిపోలేదు. దానికి దుప్పటి కప్పారు. ఆ సంగతి చెప్పకపోతే ఇవాళ పిన్ను కొంటారు. పిన్ను లాగడానికి చేతులుండాలి.

ఓడ మెల్లగా కదులుతోంది, తుప్పు పట్టిన గోడలా, దాని పేరు కూడా చదవబుద్ధి కాలేదు. ఇలాంటి ఓడల కడుపులోంచే నాన్న యెషయా బస్తాలు మోసి, తర్వాత క్రేన్ ఎక్కి, తర్వాత యూనియన్ జెండా మోసి, అరవై దాటాక ఊపిరితిత్తుల్లో దుమ్ముతో పోయాడు. చర్చి నుంచి వచ్చాక ఆదివారం మధ్యాహ్నం, ఎముకల పులుసు తాగుతూ, వచ్చిన ప్రతి చుట్టానికీ ఒకే కథ చెప్పేవాడు. సర్దార్ కథ. డాక్‌లో ముఠాకొక సర్దార్ ఉండేవాడు. ఎత్తు పీట మీద కూర్చుని, మెడలో విజిల్ వేసుకుని, ఎవడు ఎన్ని బస్తాలు లేపాడో, ఎవడు బీడీకి ఎంతసేపు ఆగాడో కళ్ళతోనే లెక్క కట్టి కంపెనీకి మోసేవాడు. వాడి నోటిమాట మీద కూలి తెగేది. చలికాలం పొద్దున్న గంగ మీద మంచు కమ్మితే ముఠా వాళ్ళే వాడికి వేడి టీ పట్టించి, మంచి ఉన్ని దుప్పటి కప్పి, అయ్యా తమరు మా తండ్రి లాంటివారు, చల్లగాలి తగలనివ్వకండి అని మెడదాకా చుట్టేవారట. వాడు గుర్రు పెట్టేవాడు. మనుషులు నడుం వాల్చేవారు. నాన్న ఆ గుర్రు పెట్టి చూపించేవాడు, చుట్టాలు పడి పడి నవ్వేవాళ్ళు, గ్రేసీ అందరికంటే ఎక్కువ నవ్వేది. నాయకత్వం అంటే అదే అనుకుంది చిన్నప్పుడు. దొరవారి కన్నుకి దుప్పటి కప్పడం.

వంతెన దిగింది. కండక్టరు బస్సు డొక్క మీద రెండు చరుపులు చరిచాడు. రేస్‌కోర్సు పచ్చిక, విక్టోరియా తెల్లటి గుమ్మటం, వాన కడిగేసిన ఆకాశం. నెల రోజుల తర్వాత ఇంత తేట. ఎగరడానికి ఇంతకంటే మంచి రోజు ఉండదు, ఇవాళ అన్ని విమానాలూ పైకి లేస్తాయి అనుకుంది, అనుకోగానే సంచిని ఇంకా దగ్గరికి లాక్కుంది. మాలిక్ ట్రాకర్లు తెచ్చిన రోజు కూడా ఇలాంటి ఎండే. మీ ప్రాణాల కోసమే అన్నాడు. వారం తిరగలేదు, ఆఫీసులో గోడంత తెర పెట్టించాడు, దాని ముందు కుర్చీ వేసుకున్నాడు. డైమండ్ హార్బర్ మీద రెండు చుట్లు ఎందుకు కొట్టావు, పెట్రోలు మీ అబ్బదా అని దిగీదిగకముందే ఫోను. ల్యాండింగ్ సరిగ్గా రాని కుర్రాడిచేత ఇంకోసారి చేయిస్తే, ఆ ఇంకోసారి ఇన్‌స్ట్రక్టరు జీతంలోంచే. మబ్బు తప్పించుకుందుకు పక్కకి తిప్పితే షికారు కొట్టావంటాడు. ప్రాణాల కోసం తెచ్చిన మిషను కొరడా అయింది. వీళ్ళ చేతిలో ఏది పడితే అది కొరడానే అవుతుంది, దీపం ఇచ్చినా దాంతో వాత పెడతారు.

అప్పుడే హ్యాంగర్లో టిఫిన్లు తింటూ గ్రేసీ నాన్న కథ చెప్పింది. చెప్పడమే కాదు, తన రొట్టెల ఫాయిల్ తీసి, సిగ్నల్ బయటికి పోకుండా ట్రాకర్‌కి చుట్టి, గుర్రు పెట్టి చూపించింది. అందరూ విరగబడి నవ్వారు. ఆ రోజునుంచి అది ఆచారం. బయల్దేరేటప్పుడు చుక్కలు కాసిని పడనిచ్చి, ఊరు దాటాక చుట్టేసేవారు. మాలిక్ అడిగితే మబ్బండీ, సిగ్నల్ లేదండీ. అమ్మినవాడిని పిలిపించాడు, వాడు చూసి అన్నీ బాగానే ఉన్నాయన్నాడు, మాలిక్ వాడిని దొంగ అని తిట్టి పంపించాడు. ఎగిరేముందు ఇంధనం చూశావా, తలుపు వేశావా, సర్దార్‌కి దుప్పటి కప్పుతావా అని ఒకరినొకరు అడగడం. బెంగాలీ పిల్లలూ, బిహారీ పిల్లలూ కూడా సర్దార్ అనే అనేవాళ్ళు. మైథిలికి అది మహా ఇష్టం. సాల్ట్ లేక్‌లో బ్యాంకు ఆఫీసరు కూతురు, తెలుగు చదవడం రాదు, మాట్లాడితే సగం బెంగాలీ, అక్కా అన్నట్టు గ్రేసీ దీ గ్రేసీ దీ అంటూ వెంట తిరిగేది. డాక్ తెలుగు వినడానికే వచ్చి పక్కన కూర్చునేది, ఇంట్లో మా అమ్మ ఇలా మాట్లాడితే కళ్ళు తిరిగి పడిపోతుంది దీ అని నవ్వేది. ఆ రోజు రెక్క కింద నిలబడి గ్రేసీ మామూలుగానే అన్నీ చూసింది. ఇంజను చూసింది, గాలి చూసింది, పటం మీద దారి వేలితో చూపించింది. మైథిలి లోపల కూర్చుని బెల్టు బిగించుకుంటూ, దుప్పటి దగ్గరే ఉంది దీ, మా అమ్మ పొద్దున్నే ఇచ్చింది, అని కన్ను గీటింది.

ఫ్లైఓవర్ ఎక్కింది బస్సు. కింద పార్క్ సర్కస్ మిద్దెలు, మిద్దెల మీద ఆరేసిన బట్టలు, ఎక్కడ చూసినా పూజ పందిళ్ళకి కడుతున్న వెదుళ్ళు. ఇంత ఎత్తునుంచి మనిషి మనిషిలా కనిపించడు. పైనుంచి బురద కూడా అంతే, మెత్తటి గోధుమరంగు గుడ్డలా ఉంటుంది. వెతకడానికి వెళ్ళినవాళ్ళంతా పటం మీద గ్రేసీ చూపించిన దారి వెంటే వెతికారు. మైథిలి ఆ దారిలో లేదు. ఎవరూ చూడటం లేదు కదా అని, ఎన్నాళ్ళనుంచో చూడాలనుకుంటున్న మడ అడవుల వైపు తిప్పింది, పక్క నది మీదికి పోయింది, అక్కడ ఇంజను ఆగింది. షికారుకే పోయింది, ఏం, పోకూడదా, ఎగరడం నేర్చుకునేది గీత మీద నడవడానికా? పీతలు పట్టేవాళ్ళు చూసేదాకా ఎవరికీ తెలియలేదు. విమానం ముక్కు గట్టు మీద ఉంది, పిల్ల ఇంకా సీట్లోనే ఉంది, బురద నడుందాకా. ఒక పీతలవాడు గ్రేసీని పక్కకి పిలిచి చెప్పాడు, పోటు నీళ్ళ గుర్తు ఇక్కడిదాకా ఉంది చూడండి అని తన గొంతు మీద చెయ్యి పెట్టుకున్నాడు. డాక్టరు కూడా అదే అన్నాడు, పడగానే పోలేదమ్మా, నీళ్ళకి పోయింది. రెండు చేతులూ మోచేతుల పైన విరిగి ఉన్నాయి. తల్లిదండ్రులకి ముఖం మటుకే చూపించి తక్కినదంతా గుడ్డ కప్పేశారు. కప్పండి అని చెప్పింది గ్రేసీయే. ఎన్నిటికని కప్పింది ఈ చేత్తో.

రఘురాం గారు రోజూ ఫోను చేస్తారు. మర్యాదైన మనిషి, గొంతు పెంచరు, గ్రేసీ గారూ అనడం మానేసి అమ్మా అంటున్నారు ఈమధ్య. బీకన్ల గురించి ఆయన చదవని కాగితం లేదు. నిన్న కూడా అదే, చివరికి ఎప్పుడూ అక్కడికే వస్తారు, "చొక్కాకి ఆ పిన్ను మిషను ఒక్కటి ఉండుంటే లాగేది కదమ్మా? మా అమ్మాయి చురుకైనది కదా, లాగేసేది కదా?" అని. గ్రేసీ అవును సార్ అంది. అవును సార్, అవును సార్, రోజుకొక అవును. ఆ అవునులన్నీ పోగుపడి ఇవాళ ఆయనచేత పిన్నుకి చెయ్యెత్తిస్తాయి. రేపు ఇంకో పిల్ల చేతులు విరిగి, చొక్కా మీద ఎర్రటి పిన్ను కళ్ళకెదురుగా కనబడుతూ ఉంటే, నీళ్ళు పైకి రావడం చూస్తూ కూర్చుంటుంది.

చెప్తే ఏమవుతుందో కూడా గ్రేసీకి తెలుసు. మాలిక్ ఎగిరి గంతేస్తాడు. చూశారా, తప్పు నాది కాదు, మిషనుది కాదు, పిల్లదే, ఈ ఆడదానిదే అంటాడు. పాత కొరడాకి కొత్త తోలు కడతాడు. స్విచ్చి లేని ట్రాకర్ వస్తే వాడి కన్నుకి ఇక రెప్పే ఉండదు. ఇన్‌స్ట్రక్టర్లు ముఖం మీద ఉమ్మేస్తారు, యూనియన్ మనిషి కూతురివై ఉండి మమ్మల్నే అమ్మేశావు కదే అని. తన లైసెన్సు పోతుంది, పోనీ, అది వేరే. చచ్చిన పిల్ల మీద మచ్చ పడుతుంది. వాళ్ళమ్మ భానుమతి గారికి తెలుస్తుంది, పొద్దున్నే టిఫిన్ చుట్టిచ్చిన తన ఫాయిలే అని. నిజం చెబితే ఎవరికి లాభం అని పొద్దున్న వంటింటి గుమ్మంలో కూర్చుని అమ్మని అడిగింది. మొదటిసారి అంతా చెప్పింది, ఫాయిల్, చేతులు, పోటు గుర్తు. దయమ్మ చేటలో బియ్యం ఏరుతూ వింది. ఏడుస్తుందనుకుంది గ్రేసీ. ఏడవలేదు. రాళ్ళు ఏరుతూనే, తలెత్తకుండా, "మీ బాబు ఆ దుప్పటి కత ఎప్పుడూ సగమే సెప్పేడే" అంది.

ఏటి సగం అంది గ్రేసీ.

గోధుమల ఓడట. మంచు పొద్దు. ముఠా అంతా నడుం వాల్చారు, దయమ్మ అన్న మనోహర్ ఓడ కడుపులోనే బస్తాల వెనక పడుకున్నాడు. కొత్తగా పెళ్ళయినవాడు, నిద్ర చాలనివాడు. షిఫ్టు ముగిశాక పైకొచ్చే తలకాయలు లెక్క పెట్టవలసింది సర్దారే. వాడు దుప్పట్లో ఒళ్ళు తెలియకుండా ఉన్నాడు. ఎవరో లేపితే ఉలిక్కిపడి, తన నిద్ర బయటపడుతుందని భయపడి, అందరూ పైకొచ్చేశారు మూసెయ్యండి అన్నాడు. మూత వేసేశారు. గోధుమకి పురుగు పట్టకుండా మందు పొగ పెట్టారు. మర్నాడు తెరిచారు.

"అప్పుట్నుంచి మీ బాబు ఆ కతని నవ్వు దగ్గరే ఆపీసీవోడు" అంది దయమ్మ. ఆ దుప్పటి ఎవరిదమ్మా అంటే, మాదే, నా పెళ్ళికి మా అన్న తెచ్చిందే అంది. మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదంటే చేట చెరుగుతూ అంది. "ఏటని సెప్తాడే? సర్దారు మంచోడనా? ఆడు మంచోడు కాడు. ఆడు బస్తాలు లెక్కెట్టీవోడు, మనుసుల్ని కాదు. గాని ఆ పొద్దుకి తలకాయలు సూడ్డానికి ఆడొక్కడే ఉన్నాడు గదా. మనం ఇంకోడ్ని ఎట్టుకోలేదు గదా. అదీ మీ బాబు నోరు పెగలంది."

చింగ్రీఘాటా దగ్గర బస్సు మళ్ళీ ఆగింది. ఇక్కడ ఆగని బస్సు లేదు. పక్కన ఆఫీసు బస్సుల్లో మెడకి తాడు, తాడుకి కార్డు వేసుకున్న కుర్రాళ్ళు కిటికీలకి తలలానించి నిద్రపోతున్నారు, ఆ కార్డు గీకితేనే తలుపు తెరుచుకుంటుంది, ఆ కార్డే వీళ్ళు ఉచ్చకి వెళ్ళొచ్చిన సంగతి కూడా పైకి మోస్తుంది. అందరి నెత్తినా ఒక సర్దార్. వాడి కన్ను పొడవాలనే పుట్టింది గ్రేసీ, ఇప్పటికీ పొడవాలనే ఉంది. మనం ఇంకోడ్ని పెట్టుకోలేదు కదా. ఆ ముక్క దగ్గరే బుర్ర తిరిగి తిరిగి ఆగుతోంది. కన్ను కప్పేశాం, కప్పి నవ్వాం, ఆ కన్ను చేసే పనిలో మనకి కావలసిన ముక్క ఒకటుందని, దాన్ని వాడి చేతిలోంచి లాక్కోవాలని ఒక్కడికీ తట్టలేదు. ఆ తెర వాడి గదిలో ఎందుకుండాలి? హ్యాంగర్లో పెట్టమందాం. ఎగిరినవాడి చుక్కని తోటివాడు చూస్తాడు. చుక్క చూసి జీతం కోస్తే ఆ రోజే తాళాలు పడేసి బయటికొస్తాం. ఒప్పుకుంటాడా వాడు? నోటితో ఒప్పుకుంటాడు, మర్నాడు ఎగ్గొడతాడు, మళ్ళీ కొట్లాడాలి. సరే, కొట్లాడదాం. కొట్లాడడానికి మనుషులు బతికుండాలి కదా ముందు. ఇదంతా తేలిగ్గా ఉంది, బస్సులో కూర్చుని అనుకోవడానికి. నోరు తెరిచి మొదట అనాల్సింది మటుకు ఇది కాదు. మొదట అనాల్సింది ఒకటే, ఇదిగో ఫాయిల్, నేర్పింది నేనే.

కండక్టరు అరిచాడు, "ఆస్తే, లేడీస్." ఆడమనిషి దిగుతోంది, మెల్లగా పోనీ అని డ్రైవరుకి చెప్పడం. ఈ ఊళ్ళో ప్రతి బస్సులోనూ వినబడే కేకే. ఇవాళ అది వింటే ఏడుపొచ్చింది. మైథిలికి ఆ మాట అనడానికి కూడా ఎవరూ లేకుండా చేశాం కదా.

అద్దాల మేడ, మాలిక్ ఆఫీసు ఇందులోనే. కింద గేటు దగ్గర కాపలావాడు గ్రేసీ మెడలో కూడా ఒక కార్డు వేశాడు. పైన మీటింగు గది బయట సోఫాలో రఘురాం గారు ఒక్కరే కూర్చుని ఉన్నారు, ఇస్త్రీ చొక్కా, గెడ్డం ఒకవైపు సరిగ్గా గీసుకోలేదు. ఆయన చేతిలో నారింజరంగు బీకన్. లోపల బ్యాటరీ లేని నమూనా, తనే ఎక్కడినుంచో తెప్పించారట. గ్రేసీని చూడగానే లేచారు. పిన్ను లాగడం ఎంత సులువో చూపిస్తున్నారు, బొటనవేలు ఇలా పెట్టి, ఇలా అంటే చాలు. "చూడమ్మా, ఒంటి చేత్తో కూడా వస్తుంది" అన్నారు. లాగారు, మళ్ళీ పెట్టారు, మళ్ళీ లాగారు.

గ్రేసీ సంచిలోంచి పెట్టె తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఆయనకి మొదట అర్థం కాలేదు. ఫాయిల్ విప్పారు. లోపలి మడతలో కారప్పొడి నూనెతో కలిసి ఎర్రగా అంటుకుని ఉంది, నది కడగలేకపోయిన చోట. ఆయన దాన్ని గోటితో తాకారు. వాసన చూడబోయి ఆగారు. ఇది మా ఇంట్లోదే అన్నారు, ఎవరితోనో కాదు, గోడతో అన్నట్టు. మైథిలే కప్పిందని, అందరూ కప్పుతారని, అలా కప్పడం నేర్పింది తనేనని గ్రేసీ చెప్పింది. పిల్ల రెండు చేతులూ విరిగిపోయాయని కూడా చెప్పింది. ఆయన రెండో చేతిలో ఉన్న నారింజ బీకన్ వంక చూసుకున్నారు. ఇన్నాళ్ళూ ఆ పిన్ను లాగుతూ బతికిన మనిషి. దాన్ని సోఫా మీద, ఏదో పక్కవాళ్ళ వస్తువు పెట్టినట్టు జాగ్రత్తగా పెట్టేశారు.

"ఇది చుట్టకపోయుంటే?" అన్నారు.

"కనబడేది సార్. పోటు రాకముందే."

ఆయన ఫాయిల్‌ని మళ్ళీ అవే మడతల్లో మడిచారు, మైథిలి మడతల్లో, చొక్కా జేబులో పెట్టుకున్నారు. పెట్టె గ్రేసీకి తిరిగి ఇచ్చారు. "లోపల ఇదే చెప్పు" అన్నారు. అమ్మా అనలేదు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. మాలిక్, ఇన్‌స్ట్రక్టర్లు ఇద్దరు, టీ కప్పులు, బిస్కెట్లు. రండి రండి, మీ కోసమే ఆగాం, ఇక ఎంతసేపు, చేతులెత్తడమే కదా అంటున్నాడు మాలిక్. వాడి వెనక గోడంత తెర. తెర మీద నది ఉంది, నది పాయలు ఉన్నాయి, సముద్రం దాకా ఆకుపచ్చగా అడవి ఉంది. ఒక్క చుక్క లేదు. కిటికీ బయట ఆకాశం కడిగిన అద్దంలా మెరుస్తోంది, బడిలో విమానాలన్నీ పైనే ఉన్నాయి, ఒక్కో దాంట్లో ఒక్కో మనిషి, ఇంధనం చూసుకుని, తలుపు వేసుకుని, అన్నీ గుర్తుగా చేసుకుని వెళ్ళిన మనిషి. గ్రేసీ పెట్టెని బల్ల మధ్యలో పెట్టింది.

"ముందు వాళ్ళందరికీ రేడియోలో చెప్పండి" అంది, "సర్దార్ మీద దుప్పటి తీసెయ్యమని."